వాసనకి సున్నా మార్కులు

ఆ చలికాలం నాకొచ్చిన జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది గానీ, వాసన తెలియడం మాత్రం పూర్తిగా పోయింది.

పెండిల్ హిల్‌లో మాది చిన్న కర్రీ పాయింట్. వంటంతా నాదే. ఉప్పు, పులుపు నాలుకకి తెలుస్తున్నాయి. తిరగమోత వేగిందో మాడిందో మాత్రం తెలియదు. మా ఆయన్ని పొయ్యి పక్కన నిలబెట్టుకుని, "ఏమండీ, వెల్లుల్లి వేగిందా?" అని అడుగుతూ వండేదాన్ని. ఆయన దేనికైనా "బానే ఉంది" అనేవారు. పచ్చిదానికీ అదే, మాడినదానికీ అదే. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయేదాన్ని. కాఫీ పొడి, నిమ్మతొక్క, బట్టల సబ్బు, ఆఖరికి మా ఆయన విడిచిన చొక్కా కూడా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేదాన్ని. కారెక్కాక గ్యాస్ గుర్తొచ్చి, దిగి, తాళం తీసి, స్టవ్ చూసి మళ్లీ వచ్చేదాన్ని. డాక్టరమ్మ "వస్తుంది, టైమ్ పడుతుంది" అంది. ఎంత టైమో ఆవిడకీ తెలియదు.

మా ఇల్లు క్వేకర్స్ హిల్‌లో. పక్కింట్లో ఒక ఇంగ్లీషు పెద్దాయన ఉంటాడు. వయసులో ఉండగా ఇంగ్లండ్ నుంచి వచ్చి ఈ దేశంలోనే ఉండిపోయాడు. రిటైరయ్యాక గ్యారేజీలో వాళ్ల ఊరి పద్ధతిలో ఏల్ చేస్తుంటాడు. ఏల్ అంటే బీరులోనే ఒక పాత రకం. ఆ పద్ధతిలో దానికి గ్యాసు ఎక్కించరు, సీసాల్లో పట్టరు. పీపాలోనే పులుస్తుంది, పీపాలోంచే గ్లాసులోకి వస్తుంది. జ్వరం రాకముందు, ఆయన బార్లీ ఉడికిస్తుంటే నేను కంచె ఇవతల బట్టలారేస్తూ, "ఇవాళ కొంచెం అడుగంటినట్టుందే" అనేదాన్ని. పరిగెత్తుకెళ్లి చూసొచ్చి, "నీ ముక్కు నాకిచ్చెయ్" అని నవ్వేవాడు.

నా ముక్కు పనిచేయట్లేదని ఆయనకి చెప్పలేదు. మా ఆయనకి, డాక్టరమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. వంటమనిషికి వాసన తెలియదంటే ఇక షాపుకెవరొస్తారు?

"ఈ శనివారం ఆర్వో కొత్త పీపా తెరుస్తున్నా. మార్కులు నువ్వు వెయ్యాల్సిందే" అన్నాడు ఒకరోజు. ఇక్కడివాళ్లకి ఆర్వో అంటే మధ్యాహ్నం. తప్పించుకుందామనుకున్నాను. మా ఆయన "వెళ్దాం, కాస్త గాలి మారుతుంది" అన్నారు.

గ్యారేజీలో ఆయన స్నేహితులు ఓ నలుగురున్నారు. పీపాని చెక్క స్టాండు మీద పడుకోబెట్టి, తడిగుడ్డ కప్పాడు. కుళాయి తిప్పితే పల్చటి టీ డికాక్షన్ రంగులో వచ్చింది. పైన వేలు మందాన నురగ. గ్లాసు పట్టుకుంటే కుండనీళ్లంత చల్లగా ఉంది.

"ఫ్రిజ్‌లో పెట్టలేదా?" అడిగారు మా ఆయన.

"మరీ చల్లగా తాగితే నాలుక మొద్దుబారిపోతుంది" అన్నాడు పెద్దాయన.

అందరికీ తలో కాగితం ఇచ్చాడు. రంగుకి, వాసనకి, రుచికి పదేసి మార్కులు. స్నేహితులు గ్లాసుల్లో ముక్కులు పెట్టి ఒకరు ఆరెంజ్ తొక్క అంటున్నారు, ఒకరు కాల్చిన బిస్కెట్ అంటున్నారు, ఇంకొకరు ఎండుగడ్డి అంటున్నారు. నేనూ ముక్కు పెట్టాను. గాలి తప్ప ఏమీ లేదు. ఒక గుక్క తాగాను. మొదట సన్నగా తీపి, వెనకనుంచి మెంతుల్లాంటి చేదు. రంగుకి ఎనిమిది, రుచికి ఏడు వేశాను. వాసన దగ్గర పెన్ను ఆగిపోయింది. పక్కాయన కాగితం చూసి ఏదో ఒకటి వేసేద్దామా అనిపించింది. చెయ్యి రాలేదు. లేచి లాన్‌లోకి వెళ్లాను, మళ్లీ లోపలికొచ్చాను, మళ్లీ వెళ్లాను.

పెద్దాయన నా వెనకే వచ్చాడు. "ఏంటి, బాలేదా?"

"నాకు వాసన తెలియట్లేదు. జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ."

"మరి వంట?"

"మా ఆయన్ని అడిగి చేస్తున్నా."

అయ్యో పాపం అంటాడేమో, ఏడుపొస్తుందేమో అని భయపడ్డాను. అనలేదు. "గ్లాసు పారబోయకు. వెచ్చబడేకొద్దీ ఏల్ వాసన విచ్చుకుంటుంది. కాసేపాగి చూడు" అని లోపలికెళ్లిపోయాడు.

ఆగడం నావల్ల కాలేదు. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబెడుతూ, బట్టల తీగ దాకా వెళ్లి వస్తూ, పదడుగులకోసారి వాసన చూస్తూనే ఉన్నాను.

ఉన్నట్టుండి గుప్పుమంది. కుళ్లిన ఉల్లిపాయా కాలిన రబ్బరూ కలిపినట్టు.

"కంపు!" అని అరిచాను. "ఏమండీ, కంపండీ!"

మా ఆయన పరిగెత్తుకొచ్చి, నా గ్లాసు లాక్కుని వాసన చూసి, "బానే ఉందే!" అన్నారు. ఆయన గ్లాసు లాక్కుని చూశాను. అదీ అదే కంపు. పెద్దాయన ముఖం పాలిపోయింది. పీపా పాడయిందనుకుని గబగబా ఇంకో గ్లాసు పట్టి తాగాడు. స్నేహితులూ తాగారు. ఏమీ కాలేదు, బాగుంది.

"తేడా ఏల్‌లో లేదు, నీ ముక్కులో ఉంది" అన్నాడు ఊపిరి పీల్చుకుని.

"అయితే ముక్కు పనిచేస్తున్నట్టేగా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కాగితం నా ముందుకి తోసి, "నీకు ఎలా అనిపిస్తే అలా వెయ్యి" అన్నాడు. వాసనకి సున్నా వేశాను. దాని వంక చాలాసేపు చూసి, "ఇంతవరకూ నాకెవరూ సున్నా వెయ్యలేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, కొంచెం బాధపడ్డాడని తెలుస్తూనే ఉంది.

నరాలు మళ్లీ చిగురిస్తున్నప్పుడు మంచి వాసనలు కూడా ఇలాగే కంపులా తగులుతాయని, మంచి సూచనేనని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. సూచన మంచిదే గానీ, ఆ తర్వాత చాలా వారాలు నెయ్యి వాసన, కాఫీ వాసన భరించలేక ముక్కుకి గుడ్డ కట్టుకుని వండాను.

అందరికంటే ముందు అల్లం దారికొచ్చింది. ఒక మధ్యాహ్నం షాపులో దంచుతుంటే, అచ్చం అల్లంలాగే ఘాటుగా తగిలింది. రోకలి అక్కడే వదిలేసి, అల్లం చేతులతోనే వీధిలోకి పరిగెత్తాను. తడిసిన రోడ్డు, పక్క బేకరీ, ఆగిన బస్సు పొగ. ఏది సరిగ్గా వస్తోందో ఏది తప్పుగా వస్తోందో తేలక, పేవ్‌మెంట్ మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నాను. ఆర్డర్లు ఆగిపోయాయని లోపల్నుంచి మా ఆయన పిలుస్తూనే ఉన్నారు.