సంధ్యక్క కూర్చున్న బస్సు

సంధ్యారాణి ఉద్యోగం ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఆ తర్వాత ఎక్కడుండాలన్నది మాత్రం ఎటూ తేలడం లేదు.

సిరిసిల్ల నుంచి వేములవాడ, చందుర్తి, రుద్రంగి మీదుగా కోరుట్ల. కోరుట్ల నుంచి మళ్లీ సిరిసిల్ల. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ దారిలో ఆమె కండక్టరు. మెడలో టికెట్ మిషను, చంకలో తోలు సంచి. బస్సులో కండక్టరుకని ఒక సీటుంటుంది, నిజమే. అందులో ఎప్పుడూ ఒక బాలింతో, మోకాళ్ల నొప్పుల ముసలవ్వో ఉంటారు. లెమ్మనడానికి నోరు రాదు. ఆడవాళ్లకు ఉచితమయ్యాక బస్సు కిటకిటలాడుతోంది. పోనీ పాపం, వాళ్లూ నాలుగూళ్లు తిరగనీ. కానీ ఆ జీరో టికెట్లన్నీ కొట్టేది ఈ రెండు చేతులే, అంతసేపూ నిలబడేది ఈ రెండు కాళ్లే. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పాదాలు ఉబ్బిపోయి, పట్టీల గుర్తులు లోతుగా దిగి ఉంటాయి.

డ్యూటీ లేని రోజైనా వదులుతారా? "సంధ్యక్కా, గీ మందులు రుద్రంగిల మా చెల్లెకియ్యవా?" "సంధ్యక్కా, ఆఖరు బస్సు ఎన్నింటికి?" కూరగాయలకు పోయినా పిలుపే. అందరూ మంచివాళ్లే. ఆ మంచివాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ ఆమె అలసిపోయింది.

భర్త ఆనందం మరమగ్గాల మీద పనిచేసి, తొమ్మిదేళ్ల కింద పోయాడు. కొడుకు హరీశ్ జగిత్యాలలో టీచరు. కోడలు శ్రావణి ప్రైవేటు దవాఖానాలో నర్సు. "రిటైరైనంక మా దగ్గరికే రా అమ్మా. పిల్లల్ని బడికి తోలుడు, తెచ్చుడు, ఇంత వండి పెట్టుడు. నీకు గూడ పొద్దు పోతది" అంటాడు హరీశ్. ప్రేమతోనే అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా సంధ్యారాణికి తెల్లవారుజామున మొదటి బస్సుకు పరుగెత్తుతున్నట్టే ఉంటుంది.

చెల్లెలు భాగ్య పిలుపు వేరు. మగ్గాల పనికి పోయిన మగని వెంట ముప్పై ఏళ్ల కింద షోలాపూర్ చేరి, అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఒంటరి. "రెండు అర్రలున్నయక్కా. ఒకటి నీది. ఏం పని జెయ్యకు, ఊకె కూసో" అంది ఫోనులో.

రాష్ట్రం దాటి పోవడమంటే మాటలా? భాష రాదు. మనవలు కళ్ల ముందుండరు. కొడుకును కాదని చెల్లె పంచన పడిందట అని కోరుట్ల దాకా చెప్పుకుంటారు, అదీ తన బస్సులోనే కూర్చుని. ఆలోచించి ఆలోచించి తల వాచిపోయి, ఒకసారి చూసొద్దామని నాలుగు రోజులు సెలవు పెట్టింది.

షోలాపూర్‌లో మూడో రోజు ఒక్కతే గుడికి పోయి సిటీ బస్సులో తిరిగొస్తోంది. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆమె మాత్రం తలుపు పక్కన కమ్మీ పట్టుకొని నిలబడి, ఎక్కేవాళ్లను లెక్కపెడుతోంది. రెండు స్టాపులు దాటాక కండక్టరు వచ్చి చెయ్యి చాపాడు. హరీశ్ వయసుంటుంది.

"మావశీ, తికీట్?" పిన్నిని ఇక్కడ మావశీ అంటారని భాగ్య చెప్పింది.

"స్టాఫ్" అంది ఆమె, రోడ్డు మీది చూపు తిప్పకుండా.

అతను ఆమె చీర వంక, చేతిలోని కొబ్బరిచిప్ప వంక చూసి మళ్లీ అడిగాడు. అప్పుడు వెలిగింది ఆమెకు. తన పాసు రాష్ట్రం పొలిమేరలోనే ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు జనాన్ని నడిబస్సులో నిలదీసిన మనిషి, ఇవ్వాళ తానే టికెట్టు లేకుండా దొరికింది. ముఖం కందిపోయింది. వచ్చీరాని హిందీలో తప్పైందని చెప్పి టికెట్టు తీసుకుంది.

అతను నవ్వి, కిటికీ పక్క సీటు చూపించాడు. "బసా, మావశీ."

కూర్చోమంటున్నాడని భాష రాకపోయినా తెలిసింది. కూర్చుంది. తర్వాతి స్టాపులో పదిమంది ఎగబడ్డారు. చిల్లర దగ్గర ఎవరో గొడవకు దిగారు. ఆమె కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. మోకాళ్లు రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఆ కండక్టరే సర్దిచెప్పాడు, అతనే రైట్ అన్నాడు, బస్సు కదిలింది. ఆ బస్సులో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు. సంధ్యారాణి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ప్రాణానికి అంత హాయి తగిలి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఆదివారం హరీశ్ సిరిసిల్ల వచ్చి ఫోనులో ఫొటో చూపించాడు. జగిత్యాలలో ఆమె కోసం చిన్న గదికి రంగు వేయించి, కొత్త మంచం వేయించాడు. ఆమె ఫొటోలోని మంచాన్ని వేలితో పెద్దది చేసి చూసింది. అయినా భాగ్య దగ్గరికే పోతానని చెప్పేసింది.

"షోలాపూరా? గక్కడ నిన్నెవలు ఎరుగుదురే?"

"ఎవ్వలెరుగరు. ఎవ్వలు పిలువరు."

"మేం పిలుసుడు గూడ బరువైందా అమ్మా?"

కాదనడానికి ఎంతసేపు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"అలిసిపోయిన్రా" అంది. "మీరంటే నాకు పాణమే. గని మల్ల ఇంకో డ్యూటీ ఎక్కలేను."

హరీశ్ తలుపు వెనక మేకుకు వేలాడుతున్న తోలు సంచినే చూస్తూ కూర్చున్నాడు. కొడుకు మనసు విరిగిందేమోనని ఆమెకు భయం వేసింది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"నేనే దించొస్త" అన్నాడు చివరికి. "కారు మాట్లాడుత."

"కారెందుకు, బస్సుల పోదాం. టికెట్లు నువ్వు తీస్కో. నన్ను కిటికీకాడ కూసోవెట్టు."

హరీశ్ తల వంచుకున్నాడు. "నువ్వు బస్సుల కూసున్నది నేనెన్నడు సూడలేదే" అన్నాడు. "చిన్నప్పుడు నీ సీట్ల నేనే కూసుంటుంటి గద."