జానమ్మ కొడుకు చరణం

ఇస్రాయేలును జానపద కళాకారుడు అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన వాగ్గేయకారుడు. నల్లగొండలో అటెండరు ఉద్యోగం చేసుకుంటూ ఇరవై మూడు కీర్తనలు, రెండు వర్ణాలు కట్టాడు. మాటా ఆయనదే, స్వరమూ ఆయనదే. ఫిడేలు వాయించే నాలాంటివాళ్లు జిల్లాలో పదిమంది దొరుకుతారు. కొత్త కీర్తన కట్టి నిలబెట్టేవాడు నాకు తెలిసి ఆయనొక్కడే. ఈ ముక్క పైకి అనడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. అందుకని నా మీదా నాకు మంటే.

ఆయన ఊరు మునుగోడు అవతల. తండ్రి డప్పు కొట్టేవాడు. తల్లి జానమ్మ నాట్లకు పోయి పాట అందుకుంటే పొలమంతా ఆమె వెంట పాడేదట. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె ఎముకల్ని నలభై ఏళ్లకే వంచేసింది. ఇస్రాయేలు చర్చిలో హార్మోనియం నేర్చుకున్నాడు. రాష్ట్రం వచ్చిన ఏడు, ముప్పై ఏళ్ల వయసులో మా సంగీత పాఠశాలకు వచ్చి, చిన్నపిల్లల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పాట మా అమ్మ నేర్పింది సారూ. దాన్ని కాయితం మీద ఎట్ల వెట్టాల్నో మీరు నేర్పుండ్రి" అన్నాడు.

నేర్పాను. మూడేళ్లలో నా దగ్గర సరుకు అయిపోయింది.

ఆయన పద్ధతి వేరు. ముందు తొడ మీద దరువు పుడుతుంది, తర్వాత స్వరం, ఆఖరికి మాట. మధ్యమావతి రాగంలో ఒక కీర్తన తెచ్చాడు. 'నీరు రావమ్మా మా నెర్రెల నేలకు' అని పల్లవి. తాళం పడ్డాక అర అక్షరం ఆగి ఎత్తుకుంటుంది. ఎందుకయ్యా అంటే, "నాటేసేటోళ్లు ఒక అడుగు ఎన్కకేసినంకనే వంగుతరు గద సారూ" అన్నాడు. చరణం 'వంకర ఎముకల జానమ్మ కొడుకు అడిగిన నీరు' అని ముగుస్తుంది. కీర్తన చివర తన ముద్ర వేసుకోవడం వాగ్గేయకారుల ఆచారం. ఆయన ముద్ర అదే, 'జానమ్మ కొడుకు'. ప్రతి కీర్తనలో ఉంటుంది.

2022లో రాష్ట్ర ఆవిర్భావ దినం సభకు పట్టణంలో ఒక ఉత్సవ కమిటీ వేశారు. కార్యదర్శి విజేందర్. కళాకారుల ఫారంలో ఇస్రాయేలు 'శాస్త్రీయ సంగీత రచన' అని రాశాడు. విజేందర్ నా కళ్లముందే అది కొట్టేసి 'డప్పు' అని రాశాడు.

"నువ్వు గేటు కాడ ఉండాలె ఇస్రాయేలు. అతిథులొచ్చినప్పుడు గట్టిగ కొట్టు. కండువ గిట్ల మేమే ఇస్తం" అన్నాడు.

ఇస్రాయేలు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"సరే. లోపల నా పాట వాడుతరు గద, గది సాలు" అన్నాడాయన.

ఆ మాట నిజమే. హైదరాబాదు నుంచి వస్తున్న గాయని హరితకు ఆ కీర్తన స్వరాలు రాసిన కాగితం నేనే పంపాను. ఆమెకు బాగా నచ్చింది. రిహార్సల్‌లో మాత్రం, "పండగ పూట ఎముకల మాట ఎందుకండీ, చరణం వదిలేద్దాం" అంది. ఎముకలతో పాటు ఆయన ముద్ర కూడా పోతుందని నాకు తెలుసు. తెలిసే సరేనన్నాను. ఇస్రాయేలుకు చెప్పలేదు.

సభ రోజు పొద్దున ఆయన గేటు దగ్గర చెమటలు కారుతూ డప్పు కొట్టాడు. కార్లన్నీ వచ్చాక డప్పు భుజాన వేసుకుని హాలు గుమ్మంలో నిలబడ్డాడు. విజేందర్ మైకు పట్టుకుని, "ఇప్పుడు మన ప్రాంతపు పాత కీర్తన. రాసినవారెవరో తెలియదు" అన్నాడు.

రాసినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు! నేను వేదిక మీద, ఫిడేలు ఒళ్లో పెట్టుకుని, మైకుకు మూరెడు దూరంలో ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. తీగ శ్రుతి సరిచూసుకున్నాను.

హరిత పల్లవి, అనుపల్లవి పాడి మళ్లీ పల్లవికి వచ్చి ముగించింది. చప్పట్లు లేవబోతుండగా గుమ్మంలోంచి చరణం వినపడింది. ఇస్రాయేలు పాడుతున్నాడు. మైకు లేదు. తొడ మీద దరువు, అర అక్షరం ఆగి ఎత్తుకోవడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మృదంగం ఆయన నా వైపు చూశాడు, అందుకుందామా అన్నట్టు. నా చెయ్యి కమాను ఎత్తలేదు. 'జానమ్మ' దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు వాలంటీర్లు ఆయన రెక్కలు పట్టుకుని బయటికి నడిపించారు. ఆ పేరు వరండాలో ముగిసింది. తర్వాత జనం హరితకు చప్పట్లు కొట్టారు. నాకూ శాలువా కప్పారు, కప్పించుకున్నాను. సిగ్గులేని మనిషిని.

మూడేళ్లు ఆయన మా బడి గడప తొక్కలేదు. మొన్న దారిలో కనిపిస్తే నేనే ఆపి, కొత్తగా ఏం కట్టావని అడిగాను. సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చాడు. పల్లవి మొదటి మాటే 'జానమ్మ'. పల్లవి ప్రతి భాగం తర్వాతా తిరిగి రావలసిందే.

"ఇగ కోసుకొమ్మను. మా అమ్మను తీస్తే పాటే ఉండదు" అన్నాడు.

గొంతుకు ఒక వరుస, దాని కింద డప్పుకు ఒక వరుస రాసి ఉంది, దెబ్బ దెబ్బా లెక్కగా. నేను కాగితాలన్నీ తిప్పి తిప్పి చూశాను.

"ఫిడేలు ఎక్కడ ఇస్రాయేలూ?" అన్నాను.

"దీంట్ల జాగ లేదు సారూ" అన్నాడు, కాగితాలు నా చేతిలోంచి తీసుకుని.