అవ్వ పాటకు జవాబు

రిటైరు కావడానికి ముందు ఏడాది నేను హోసూరులో ఒక లైవ్ ప్రసారాల కంపెనీలో సీనియర్ ఇంజినీరుని. ఆ మాఘమాసంలో మా టీములోని సరళ పెళ్లి కృష్ణగిరిలో. ప్రసారం బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను.

సరళ అవ్వ మునెమ్మది అంచెట్టి దగ్గరి కొండపల్లె. కాలు విరిగి మంచం దిగే పరిస్థితి లేదు. తాళి కట్టాక పెళ్లికొడుకును గడప దగ్గర ఆపి, పెళ్లాం పేరు చెప్పమని పాటతో నిలదీయడం వాళ్లింటి ఆనవాయితీ. పెళ్లికొడుకు వైపువాళ్లు వెంటనే పాటతోనే జవాబివ్వాలి. ఇంట్లో ప్రతి పెళ్లికీ అవ్వే పాడింది. ఇది ఆఖరి మనవరాలి పెళ్లి. “అవ్వ పాడకపోతే నేను గడప దాటను మేడం” అని సరళ తేల్చి చెప్పేసింది.

ముందురోజు మండపంలో రిహార్సల్ పెట్టాను. చూసేవాళ్లందరికీ వాడే హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలోనే అవ్వ ఫోనునూ కలిపాను. అందులో వీడియోను ముక్కలుగా కోసి పంపుతారు; ఫోను కొన్ని ముక్కలు దాచుకుని ఆడిస్తుంది. బొమ్మ ఆగదు, కానీ ఆలస్యంగా వస్తుంది. అవ్వ పాడింది. పెళ్లికొడుకు మేనత్త టక్కున జవాబు పాడింది. అది అంచెట్టి చేరేలోపే అవ్వ, “నోరు పెగల్లేదు చూడండప్పా! ఓడిపోయినారు!” అని చప్పట్లు కొట్టేసింది.

మేనత్తకు ఒళ్లు మండింది. “పాడినా కదమ్మా! విననట్టు నటిస్తా ఉందే!” అంది. నాకు నవ్వాగలేదు.

వెంటనే అవ్వను వెబ్‌ఆర్‌టీసీలోకి మార్చాను. ముఖాముఖి మాట్లాడుకునే కాల్స్‌కు వాడేది అదే. అందులో దాచుకోవడం దాదాపు ఉండదు. దారిలో ఏదైనా తప్పిపోతే దానికోసం కాచుకోదు కాబట్టి మాట వెంటనే చేరుతుంది. కొండమీద సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి అవ్వకు వీడియో తీసేసి, ఉన్న సిగ్నలంతా గొంతుకే ఇచ్చాను. బొమ్మ ఏమైందని అవ్వ అడిగింది. పాటో బొమ్మో ఒకటే కుదురుతుందన్నాను. “పెళ్లిళ్లు శానా చూసినాలేమ్మా. పాటే ఇయ్యి” అంది.

మర్నాడు తాళి కట్టాక, “మా పిల్ల పేరు చెప్పకుండా యాడికప్పా పోయేది?” అని స్పీకర్లో అవ్వ ఎత్తుకుంది. మేనత్త తగులుకుంది. ఆమె చరణం ముగియకముందే అవ్వ మళ్లీ అందుకుంది. చివరికి పెళ్లికొడుకు చెవులు ఎర్రబడి “సరళ” అన్నాడు. అవ్వ నవ్వు మండపం నవ్వులోనే కలిసిపోయింది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. సరళ గడప దాటి లోపలికి వెళ్లిపోయిన తర్వాత, భోజనాల హాల్లో హెచ్‌ఎల్‌ఎస్ స్క్రీను ముందున్న బంధువులు పెళ్లికొడుకు మాట అప్పుడే విని గొల్లున నవ్వారు.

అప్పటినుంచి ఏ ప్రసారం చేతికొచ్చినా, ప్రసార పద్ధతి ఎంచుకునేముందు ఇందులో జవాబు చెప్పాల్సింది ఎవరని అడిగేదాన్ని. చూసేవాళ్లు కాస్త ఆగగలరు. జవాబు చెప్పేవాళ్లు ఆగలేరు.