జింకల తోటలో గొర్రెల మంద

నందిగామలో పశువుల డాక్టరుగా ఉన్నప్పుడు నాకు ఒళ్ళు మండించిన మనుషులు చాలామందే తగిలారు. వాళ్ళలో మొదటి కుర్చీ జగ్గయ్యపేట దగ్గర మామిడితోటలో జింకల పార్కు పెట్టిన వ్యాపారిది. హైవే మీద పోయేవాళ్ళు ఆగి, ఫోటోలు దిగి, టిఫిన్ తిని వెళ్ళాలని ఆయన ఆలోచన. ఎక్కడినుంచో పది కృష్ణజింకలను లారీలో దింపించాడు. అనుమతి కాగితాలు చూపించాడు. ఇలాంటివాళ్ళ దగ్గర కాగితాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

చందర్లపాడు వైపు కృష్ణజింకలు ఊరికే తిరుగుతుంటాయి, మినపచేలు మేసి రైతుల చేత తిట్లు తింటుంటాయి. ఆ మాటే అన్నాను.

"అయ్యి అడివివండీ. ఇయ్యి జాతివి" అన్నాడు.

రెండూ ఒకటే జాతి. చెబితే నవ్వాడు, నాకే ఏమీ తెలియనట్టు.

వచ్చిన రోజే వాటి నెత్తురు తీసి పరీక్షకు పంపాను. కొత్తచోటికి తెచ్చిన జంతువు ఏ రోగాన్ని వెంట తెచ్చిందో నెత్తురు చెబుతుంది. ఫలితం వచ్చేదాకా ఏ పశువునూ దగ్గరికి రానివ్వొద్దన్నాను. "అలాగే డాక్టరుగారూ" అన్నాడు.

వారం తిరగకుండానే అక్కడ గొర్రెల మంద కట్టించాడు. ఎరువు కోసం పొలంలో నాలుగు రాత్రులు మందను పడుకోబెట్టించుకోవడం మా వైపు మామూలే. జింకలకు పచ్చగడ్డి ఏపుగా రావాలని ఈ మహానుభావుడికి తోచింది. జింకలను ఓ మూలకు తోలి, మిగతా నేలంతా మందకు వదిలాడు. ఆ ముందురోజే అక్కడ రెండు జింకలు నెలలు నిండకుండా ఈసుకుపోయాయి. చచ్చిన పిల్లల్ని ఎత్తి పారేయించి, నాకు చెప్పకుండా ఊరుకున్నాడని తర్వాత తెలిసింది.

మంద ఇంకా అక్కడే ఉండగా ఫలితం వచ్చింది. జింకలకు బ్రూసెల్లా ఉంది. చూలు గొర్రెలను ఈసుకుపోయేలా చేసే రోగం, మనిషికీ అంటుకుంటుంది. వెంటనే ఫోన్ చేశాను.

"ఎల్లుండి ఓపెనింగండీ. పెద్దోళ్ళు వస్తన్నారు. అయ్యిందాకా ఆ మాట బయటికి రానీకండి" అన్నాడు.

రానివ్వలేదు. ఫలితం కాగితం సొరుగులో పెట్టాను.

రెండు నెలలకు ఆ మంద కాపరి మా పశువుల ఆసుపత్రికి వచ్చాడు. యూరియా సంచిలో చచ్చిన గొర్రెపిల్ల ఉంది. అది పదకొండోదట. ఈలోపు జింకల రోగం సంగతి పొక్కడంతో, దాన్ని ఆ గొర్రెలే అంటించాయని వ్యాపారి ఊరూరా చాటాడు. దాంతో రైతులెవరూ కాపరి మందను పొలంలోకి రానివ్వడం లేదు. అతని బతుకుతెరువే అది.

"ఒక్క మాట చెప్పండి సారూ, నా గొర్రెలు కాదని. మీరు చెబితే ఇంటారు."

సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది. ఆ కాగితం బయటపెడితే దాని మీద తేదీ కూడా బయటపడుతుంది. నాకు ఎప్పుడు తెలిసిందో అందరికీ తెలుస్తుంది.

"రోగం ఎటునుంచి ఎటు వచ్చిందో చెప్పడం కష్టమయ్యా" అన్నాను. ఆ గొంతు నాకు తెలుసు. "అలాగే డాక్టరుగారూ" అన్నవాడి గొంతే అది. అంత అసహ్యం ఆ వ్యాపారి మీద కూడా నాకు ఎప్పుడూ కలగలేదు.

కాపరి తల ఊపాడు. సాయంత్రమయ్యేసరికి జ్వరం వస్తోందని, కీళ్ళు పట్టేస్తున్నాయని చెప్పాడు. ఆ పిల్లలన్నిటినీ ఉత్త చేతులతోనే తీశాడట. పెద్దాసుపత్రికి వెళ్ళి నెత్తురు పరీక్ష చేయించుకోమన్నాను. ఎలా అంటిందని అక్కడ అడిగితే ఏం చెప్పాలని అడిగాడు.

నీ గొర్రెల నుంచే అని చెప్పమన్నాను.