బెల్టు తెంపిన భక్తురాలు

కప్పు కూడా పడని ఇంటికి గోడ కూల్చిన ఘనత మా కొత్తగూడెంలో నా ఒక్కదానికే దక్కింది. అందులో భూకంపం చేసిందేమీ లేదు. అంతా నా భక్తే!

ఎక్కడో భూకంపానికి ఇళ్లు కూలాయని రేడియోలో విన్నప్పటి నుంచి ఇళ్లకు అనుమతులిచ్చే మా ఓవర్సీరుగారిది ఒకటే పట్టు. కిటికీల పైన కాంక్రీటు బెల్టు ఇంటి చుట్టూ తెగకుండా పోయాలి, తెగితే స్లాబుకు అనుమతి లేదు. వానలేమో ముంచుకొస్తున్నాయి. కిరాయి ఇంటాయన ఖాళీ చేయమని కూర్చున్నాడు.

నాకు మాత్రం తూర్పుగోడలో దేవుడి గూడు కావాలి. భద్రాచలం నుంచి తెచ్చుకున్న పట్టాభిషేకం పటం చాలా పెద్దది, బెల్టు కింద పట్టదు. మా ఆయన గని డ్యూటీకి వెళ్లగానే తాపీమేస్త్రిని పట్టుకున్నాను.

“ఈడ బెల్టు ఆపెయ్యి, మల్లయ్యా.”

“వద్దమ్మా, సారు నన్ను బతకనియ్యడు.”

“రాములవారే కూసున్న గోడను భూకంపం ముట్టుకుంటదా?”

ఈ ప్రశ్నకు ఏ మేస్త్రి ఎదురు చెప్పగలడు చెప్పండి? బెల్టు ఆపాడు. గూటి వెనక ఒక్క వరస ఇటుక మిగిలింది, అప్పడంలాగా.

తనిఖీ నాడు గూట్లో పటం పెట్టి, ముందు పరదా కట్టాను. ఓవర్సీరుగారు పైన ఆకాశాన్ని చూశారు, పరదాను చూశారు.

“కప్పు లేదు గానీ పరదా ఉన్నదేందమ్మా?”

“లోపల రాములవారు సార్. పూజ ఇంకా కాలె.”

నా లెక్కన ఆయన అక్కడి నుంచే దండం పెట్టి వెళ్లిపోవాలి. ఆయన చెప్పులు విడిచారు!

“దర్శనం చేసుకోకుండ ఎట్ల పోతనమ్మా?”

సర్కారు కొలువులో నన్ను మించిన భక్తుడుంటాడని నేను కలగన్నానా? ఓవర్సీరుగారు పరదా తొలగించి, కళ్లు మూసుకుని చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడే గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగు. నేల ఒక్కసారి అదిరింది. నేను పటాన్ని హత్తుకుని పక్కకు దూకాను. గూటి వెనక ఇటుకలు దబదబా బయటికి జారిపోయాయి.

ఓవర్సీరుగారు కళ్లు తెరిచేసరికి, ఆ కంతలో బొగ్గు మొహంతో మా ఆయన! డ్యూటీ దిగి, అల్లంత దూరంలో సైకిలు పట్టుకుని నిలబడ్డారు.

“ఏందే గిది?”

ఓవర్సీరుగారు జోడించిన చేతులు దించనే లేదు.

“అమ్మా, రాములవారన్నరు. కృష్ణపరమాత్మ దర్శనమిచ్చిండేంది?”

గోడ విప్పి కట్టి, బెల్టు కలిపి పోశాకే అనుమతి దొరికింది. తొలివాన పడేసరికి స్లాబు గట్టిపడింది. ఆ ఇటుకలు నా పిల్లలు ఆ గోడ పక్కన పడుకున్నప్పుడు కాక ఆనాడే జారినందుకు స్వామికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. ఆయన సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో దేవుడి కోసమైనా సరే బెల్టు తెంపను. పటమే చిన్నది కొంటాను.