సప్పోరో పెద్దమనిషికి టైరు పాఠం

రైలు గురించి పావుగంట మాట్లాడినందుకు దేశం వదిలిపోయే పరిస్థితి తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో! నా నోటిదూల ఘనత వినండి.

ఐటీ ఊపు మీదున్న రోజులు. తణుకు నుంచి సింగపూర్ వచ్చి, హౌగాంగ్‌లో ఓ గదిలో ఉంటూ, చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. నా వర్క్ పాస్ గడువు ఇంకో నెలే. జపాన్ నుంచి రైళ్ల టైంటేబుల్ సాఫ్ట్‌వేర్ పని వస్తే పాస్ పొడిగిస్తారు. రాకపోతే తిరుగు విమానం.

మా మేనేజరు సరోజిని మేడమ్. తాతల కాలంలోనే విశాఖ తీరం నుంచి వచ్చి సింగపూర్‌లో స్థిరపడిన కుటుంబం. తెలుగు మాట్లాడినా, అక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలిస్తారు.

"చూడు భాస్కర్, మనకి పని ఇవ్వాల్సిన తనాకా గారు జపాన్‌లోని సప్పోరో నుంచొచ్చారు. బుకిట్ పాంజాంగ్‌లో కొత్త చిన్న రైలు చూస్తారంట. తీసుకెళ్లు, కడుపునిండా మంచి మకాన్ పెట్టించు, తీసుకురా. ఎక్కువ మాట్లాడొద్దు లా!"

"అలాగే మేడమ్."

అన్నాను గాని, అన్నం లేకపోయినా ఉండగలను, మాట లేకుండా నా వల్ల కాదు.

తనాకా గారు నెరిసిన జుట్టు, చేతిలో నోటుపుస్తకం, మెడలో కెమెరాతో ఉన్న పొట్టి మనిషి. ప్లాట్‌ఫాం మీద రైలు ఆగగానే వంగి కిందకి చూశారు. ఏదో పడిపోయిందేమోనని నేనూ వంగి వెతికాను. తర్వాత అర్థమైంది, చూస్తున్నది చక్రాలని.

"రబ్బరు టైర్లు సార్!" అన్నాను, నేనే బిగించినట్టు.

"ఓహో!"

"ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మీకు బులెట్ రైళ్లుండొచ్చు గాని, రైలుకి టైరు వెయ్యాలని మీవాళ్లకి తోచలేదు."

ఆయన శ్రద్ధగా రాసుకున్నారు. రాసుకునే శ్రోత దొరికితే నాలాంటివాడు ఆగుతాడా?

డ్రైవరు లేని ఆ రైలెక్కాక ఆయన అడిగారు. "పంక్చరయితే?"

నాకేం తెలుసు? కానీ తెలియదనడం మా ఇంటావంటా లేదు.

"స్టేషను స్టేషనుకీ స్టెప్నీ ఉంటుంది సార్. ఐదు నిమిషాల పని."

"గాలి ఎవరు చూస్తారు?"

"పొద్దున్నే ఒకాయన సుత్తితో కొట్టి చూస్తాడు. మా ఊళ్లో లారీలకి అంతే."

ఇంతలో కిటికీ అద్దాలన్నీ తెల్లగా మసకబారాయి.

"ఇదేమిటి?" అన్నారాయన.

"పొగమంచు సార్. ఇక్కడి ఏసీలు అంత గట్టివి."

పక్కనున్న కూరగాయల సంచీ ఆంటీ ఊరుకోలేదు. "కాదు లా! దగ్గర్లో ఫ్లాట్లున్నాయి కదా, వాళ్ల ఇళ్లలోకి మనం చూడకూడదని అద్దం అలా అవుతుంది."

తనాకా గారు అదీ రాసుకుని, రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పాపం, దగ్గు కాబోలనుకున్నాను.

మర్నాడు మీటింగు. తెర మీద మొదటి బొమ్మ తనాకా గారు తెచ్చిందే: స్టేషన్లో తళతళలాడే పొడవాటి రైలు.

"ఇది మా సప్పోరో సబ్‌వేలో కొత్త రకం," అన్నారు మెల్లగా. "రబ్బరు టైర్ల మీద నడుస్తుంది. మా ఊరి సబ్‌వే రైళ్లన్నీ అంతే. నేను ఇరవై ఏళ్లుగా ఆ టైర్ల పనే చూస్తున్నాను."

హనుమంతుడి ముందు కుప్పిగంతులు వెయ్యకూడదంటారు. నేను ఏకంగా హనుమంతుడికి తోక ఎలా ఊపాలో నేర్పి వచ్చాను!

మేడమ్ తెలుగులో గొణిగారు. "నిన్న ఏం మాట్లాడావ్?"

"కొంచెం... టైర్ల గురించి మేడమ్."

"అలమాక్! అయ్యో రామా, కొంచెమంటే?"

"స్టెప్నీ దాకా."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. తనాకా గారు నోటుపుస్తకం తెరిచి నా పాఠం మొత్తం చదివారు, సుత్తితో సహా. గది గదంతా పగలబడి నవ్వింది. నేను మనసులో సూట్‌కేసు సర్దేశాను. ఇక పోయేదేముందని లేచి నిలబడ్డాను.

"సార్, నాకు ఆ రైలు గురించి ముక్క తెలీదు. చెప్పినవన్నీ కోతలే. నా తప్పుకి మా కంపెనీని శిక్షించకండి."

ఆయన నవ్వాపుకుని అన్నారు. "నా దగ్గరికొచ్చే కంపెనీలన్నీ తెలియనిది తెలిసినట్టే చెబుతాయి. ఒప్పుకున్నవాడు ఇతనొక్కడే. ఒకరోజు ఆలస్యమైంది, అంతే."

పని మాకే ఇచ్చారు. నా పాసూ నిలిచింది. ఒప్పందంలో మాత్రం ఒక షరతు చేరింది: భాస్కర్ వారం రోజులు సప్పోరో డిపోలో శిక్షణ పొందాలి, ఆ వారం ప్రశ్నలు అడగొచ్చు గాని జవాబులు చెప్పకూడదు.

ఆనాడే కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఎదుటివాళ్లు ఏం పని చేస్తారో తెలుసుకోకుండా ఈ జన్మలో ఎవరికీ ఏదీ వివరించను. "ఇవాళ వాన పడుతుందంటారా?" అని అడిగినా నోరు మెదపను. అడిగినాయన వాతావరణ శాఖలో పెద్ద అధికారి కావచ్చు!