తొట్టెలోకి కొత్త చేపలు

ఏలూరులో రెండు గోల్డ్ ఫిష్ కొని తెచ్చి, కవరు విప్పి అక్వేరియంలో గుమ్మరించబోయాను. పెదపాడు చెరువుల్లో ముప్పై ఏళ్లు చేపలు పెంచి లారీలకెత్తించిన మా మామగారు గబగబా వచ్చి కవరు అందుకున్నారు.

"ఉండమ్మా! చెరువులో చేపపిల్లని వదిలేటప్పుడు కూడా అలా పోసెయ్యం. ముందు ఆ నీళ్లు అలవాటవ్వాలి కదా."

కవరు మూతి పట్టుకుని తొట్టెలో తేల్చి, అరగంటసేపు గ్లాసుతో తొట్టె నీళ్లు కొంచెం కొంచెంగా అందులో పోస్తూనే ఉన్నారు. రెండు చేపలకి ఇంత హడావిడా అని నాకు ఒళ్లు మండింది. చివరికి అవే ఈదుకుంటూ బయటికొచ్చాయి.

మధ్యాహ్నం చేపల పులుసు వడ్డించాను. ఆయన కుర్చీ తిప్పుకుని, తొట్టెకి వీపు పెట్టి తిన్నారు.